నడుం పట్టేస్తే ఎవరి చేతికి అప్పగించాలి?

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు వెళ్తే బస్తాల కింద వంగిన హమాలీల వీపులే ముందు కనిపిస్తాయి. కొత్తవాడలో దర్రీలు నేసేవాళ్ళ నడుము పొద్దంతా మగ్గం మీదికి వాలి ఉంటుంది. మడికొండ ఐటీ పార్కు కుర్రాళ్ళ మెడ కంప్యూటర్ తెరకేసి సాగి ఉంటుంది. పనులు వేరు, సంపాదనలు వేరు. కానీ ఒక పొద్దున మంచం మీంచి లేవబోతే నడుం పట్టేసిందంటే అందరిదీ ఒకటే ప్రశ్న: ఎవరి దగ్గరికి పోవాలి? ఇంట్లో పెద్దవాళ్ళు నువ్వులనూనె వేడిచేసి మర్దన చేస్తామంటారు. పక్కింటివాళ్ళు ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషిని పిలిపించి నడుం మీద తన్నించుకోమంటారు. ఆర్‌ఎంపీ సూది వేస్తాడు. పెద్దాసుపత్రికి వెళ్తే ఎంఆర్‌ఐ రాస్తారు. ఈ మధ్య వీటికి ఫోన్ తోడైంది. తల పట్టుకుని ఒక్క తిప్పు తిప్పగానే ‘టక్’మని మోగే వీడియో, ఆ వెంటనే రోగి ముఖంలో వెలుగు, కింద లక్షల లైకులు. కైరోప్రాక్టిక్ అన్న పేరు మన ఇళ్ళలోకి వచ్చింది ప్రధానంగా ఈ దారినే. చేత్తో చేసే ఈ వైద్యంలో పస ఉందా, వట్టి మోసమా అని అడిగితే నా జవాబు ఇది: చేతికి నొప్పి తగ్గించే గుణం ఉంది. అది చిన్నది, కొన్నాళ్ళు ఉండేది. ఆ నొప్పి ఎందుకు తగ్గిందో చెప్పే కథ మాత్రం చాలావరకు తప్పు. ఆ కథను నమ్మినవాళ్ళే డబ్బు పోగొట్టుకుంటున్నారు, ఎప్పుడో ఒకసారి ఒళ్ళు కూడా చెడగొట్టుకుంటున్నారు.

కథ పుట్టింది అమెరికాలో. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ అనే చికిత్సకుడు ఉండేవాడు. ఒంట్లోని అయస్కాంత శక్తితో రోగాలు నయం చేస్తానని చెప్పుకునేవాడు. తన భవనంలో ఊడ్చి తుడిచే పని చేసే హార్వీ లిలార్డ్‌కు చెవులు సరిగా వినపడవని తెలిసి, అతని వెన్నులో ఉబ్బెత్తుగా తగిలిన పూసను నొక్కి సరిచేశాననీ, దాంతో వినికిడి తిరిగొచ్చిందనీ ప్రకటించాడు. చెవికి వెళ్ళే నరం మెదడు కింది భాగం నుంచి నేరుగా వస్తుంది, వెన్నుపూసల మీదుగా పోదు. కాబట్టి ఆ ఉదంతం శరీర నిర్మాణంతో పొసగదు. అయినా రెండేళ్ళలో అక్కడ బడి వెలిసింది. నూటికి 95 రోగాలకు మూలం పక్కకు జరిగిన వెన్నుపూసలేనని పామర్ బోధించాడు. తర్వాత దశాబ్దాల పాటు అమెరికా వైద్య సంఘం ఈ వృత్తిని వెలివేసింది. అందుకు 1976లో కోర్టుకెక్కిన కైరోప్రాక్టర్లు 1987లో గెలిచారు. ఈ గెలుపును చికిత్సకు దొరికిన యోగ్యతాపత్రంగా చూపించేవాళ్ళున్నారు. నిజానికి అక్కడ తేలింది వ్యాపార పోటీని కుట్రతో అడ్డుకోకూడదన్న న్యాయసూత్రమే, మందు పనిచేస్తుందా లేదా అన్నది కాదు. బ్రిటన్‌లో కథ తిరగబడింది. పసిపిల్లల కడుపునొప్పికీ ఉబ్బసానికీ కూడా వెన్ను సర్దుబాటు పనిచేస్తుందన్న ప్రచారానికి ఆధారాల్లేవని 2008లో సైమన్ సింగ్ అనే రచయిత రాస్తే, అక్కడి కైరోప్రాక్టర్ల సంఘం పరువునష్టం దావా వేసింది. 2010లో అప్పీలు కోర్టు రచయిత వైపు మొగ్గగానే దావా వెనక్కి తీసుకుంది. ఇవాళ చదువుకున్న కైరోప్రాక్టర్లలో చాలామంది పామర్ సిద్ధాంతాన్ని పక్కన పెట్టి, నడుం నొప్పికీ మెడ నొప్పికీ పరిమితమై పనిచేస్తున్నారు. వాళ్ళను పాత కథతో కలిపి కొట్టడం న్యాయం కాదు.

అసలు కైరోప్రాక్టర్ బల్ల మీద జరిగేదేమిటో దగ్గరగా చూడాలి. నడుం నొప్పి రోగిని పక్కకు తిప్పి పడుకోబెడతారు. కింది కాలు చాపి, పై మోకాలు మడిచి బల్ల అంచు మీదికి తెస్తారు. చికిత్సకుడు ఒక చెయ్యి రోగి భుజం మీద ఆనించి, రెండో చెయ్యిని నడుం కింద కటి ఎముక దగ్గర పెట్టి, కీలు ఇక తిరగదనే చోటు వరకు మెల్లగా తిప్పుతాడు. అక్కడ ఒక్క క్షణం ఆగి, చాలా వేగంగా, చాలా తక్కువ దూరం నెడతాడు. చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకే రోగి సగం నయమైపోతాడు, ‘జారిన పూస కూచుంది’ అనుకుంటాడు. ఆ శబ్దం ఎముక రాసుకున్నదీ కాదు, గాడిలో పడ్డదీ కాదు. కీలు చుట్టూ సంచిలా ఉండే పొరలో చిక్కటి ద్రవం ఉంటుంది. రెండు ఎముకల తలలూ ఒక్కసారిగా దూరమైతే లోపల ఒత్తిడి పడిపోయి, సోడా సీసా మూత తీసినట్టు వాయువు బుడగ ఏర్పడుతుంది. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో వేళ్ళు విరుస్తుండగా ఎంఆర్‌ఐ తీసి ఈ బుడగను కళ్ళకు కట్టారు. వేళ్ళు విరుచుకున్నాక మళ్ళీ విరవాలంటే కాసేపు ఆగాల్సి రావడం అందరికీ తెలిసిందే. కారణం ఈ వాయువే. పూస కూచోవడం సంగతీ పరీక్షకు నిలబడలేదు. 1998లో స్వీడన్‌లో కటి కీలు సర్దుబాటుకు ముందూ తర్వాతా అత్యంత సూక్ష్మంగా కొలిచే ఎక్స్‌రే పద్ధతితో చూస్తే ఎముకల స్థానంలో మార్పేమీ లేదు. చిత్రమేమంటే చేత్తో తడిమి పరీక్షించినవాళ్ళకు మాత్రం కీలు సర్దుకున్నట్టే తోచింది.

మరి పూస కదలకపోతే నొప్పి ఎలా తగ్గింది? ఈ ప్రశ్న సహేతుకమైనది. దీన్ని దాటవేసి ‘అంతా భ్రమ’ అని కొట్టిపారేసే డాక్టర్ల మాట రోగులు వినకపోవడంలో తప్పు లేదు. వేగంగా సాగిన కీలు నుంచీ కండరం నుంచీ వెళ్ళే సంకేతాలు వెన్నుపాములో నొప్పి కబురును కొంతసేపు మందగింపజేస్తాయి. బిగిసిన కండరం సడలుతుంది. భయం తగ్గుతుంది. వంగితే ఏదో విరుగుతుందని వారం రోజులుగా కర్రలా ఉన్న మనిషి, ఇక ఫరవాలేదన్న భరోసాతో వంగడం మొదలుపెడతాడు. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద మేలు ఇదే. వీటికి తోడు కాలం చేసే పని ఉంది. కొత్తగా వచ్చిన నడుం నొప్పి ఎక్కువమందిలో కొద్ది వారాల్లో తనంతట తానే చాలావరకు నెమ్మదిస్తుంది. మనిషి చికిత్సకుడి దగ్గరికి పరిగెత్తేది నొప్పి శిఖరాన ఉన్న రోజున. అక్కడి నుంచి ఎటూ కిందికి దిగాల్సిందే. ఆ దిగడంలో ఎంత వాటా చేతిది, ఎంత వాటా కాలానిది అన్నది రోగి ఒక్కడి అనుభవం చెప్పలేదు. అందుకే చికిత్స చేయించుకునేవాళ్ళనూ చేయించుకోనివాళ్ళనూ చీటీ వేసి విడగొట్టి పోల్చాల్సి వస్తుంది.

అలా పోల్చిన లెక్కలు చాలానే ఉన్నాయి. 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో 26 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. కొత్తగా వచ్చిన నడుం నొప్పికి వెన్ను సర్దుబాటు చేస్తే, నూరు పాయింట్ల కొలతలో నొప్పి సుమారు పది పాయింట్లు అదనంగా తగ్గింది. ఆరు వారాల వరకు ఆ తేడా కనిపించింది. అదే సమీక్ష సగం మందికి పైగా రోగులకు ఒకటి రెండు రోజుల పాటు నొప్పి పెరగడం, బిగుసుకుపోవడం, తలనొప్పి వంటి చిన్న ఇబ్బందులు రావచ్చని కూడా చెప్పింది. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 47 ప్రయోగాలు, 9,211 మంది రోగుల లెక్కతో దీర్ఘకాలపు నడుం నొప్పి మీద మరో సమీక్ష వచ్చింది. వ్యాయామం లాంటి సిఫార్సు చేసిన చికిత్సలకూ దీనికీ ఫలితంలో పెద్ద తేడా లేదని తేల్చింది. ఇక 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పికి తొలిసారి మార్గదర్శకాలు విడుదల చేసింది. వెన్ను సర్దుబాటు, మర్దన, సూదుల వైద్యం, వ్యాయామం, నొప్పి గురించి రోగికి అవగాహన కల్పించడం వీటన్నిటినీ వాడదగిన జాబితాలో పెట్టింది. వద్దన్న జాబితా చూస్తే మనవాళ్ళు ఆశ్చర్యపోతారు. నడుం బెల్టులు, బరువులు వేలాడదీసి లాగే ట్రాక్షన్ అందులో ఉన్నాయి. హన్మకొండ చౌరస్తాలో ఏ మందుల దుకాణంలో అడిగినా బెల్టు దొరుకుతుంది. ట్రాక్షన్ బల్ల లేని ఫిజియోథెరపీ క్లినిక్‌ను మనవాళ్ళు క్లినిక్‌గానే లెక్కగట్టరు. అంటే ‘ఆధునిక వైద్యం’ అనే ముద్ర ఉన్నంత మాత్రాన ఆధారం ఉన్నట్టు కాదు, ‘ప్రత్యామ్నాయం’ అన్నంత మాత్రాన లేనట్టూ కాదు.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. ‘నా ఎంఆర్‌ఐలో డిస్కు జారినట్టు స్పష్టంగా ఉంది, దాన్ని లోపలికి నెట్టకుండా నొప్పి ఎలా పోతుంది?’ అంటారు. డిస్కులు ఎముకలకు గట్టిగా అతుక్కుని ఉంటాయి, బొటనవేలితో నెడితే లోపలికి పోయేవి కావు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. నడుం నొప్పి అసలే లేని 3,110 మంది స్కానులను పరిశీలించిన 33 అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూశారు. ఇరవై ఏళ్ళ వయసువాళ్ళలోనే నూటికి 30 మందికి డిస్కు ఉబ్బి ఉంది. ఎనభై ఏళ్ళవాళ్ళలో అది 84 మంది. డిస్కు అరుగుదల అయితే ఇరవైల్లో 37, ఎనభైల్లో 96. జుట్టు నెరిసినందుకు మనమెవరమూ ఆసుపత్రికి వెళ్ళం, కానీ వయసుతో వచ్చే ఇలాంటి మార్పులనే స్కానులో చూసి ‘నా వెన్ను పాడైపోయింది’ అని మంచమెక్కుతున్నాం. కాలి కిందికి జివ్వున లాగే సయాటికాలో డిస్కు పాత్ర నిజమే. అప్పుడు స్కాను, అవసరమైతే ఆపరేషను కూడా సబబే. మామూలు నడుం నొప్పికి మొదటి రోజే తీసిన స్కాను మాత్రం భయాన్ని పెంచడానికే పనికొస్తుంది. ఆ భయాన్ని ‘పూస జారింది’ అన్న మాటతో చికిత్సకుడు రెట్టింపు చేస్తే, ప్రతి నెలా వచ్చి పూస కూచోబెట్టించుకునే శాశ్వత ఖాతాదారు తయారవుతాడు.

మన చేతుల సంగతికి వద్దాం. చేత్తో వైద్యం అమెరికా నుంచి దిగుమతి కావాల్సిన అవసరం మనకు లేదు. సుశ్రుత సంహితలో విరిగిన ఎముకలకూ తప్పిన కీళ్ళకూ విడిగా అధ్యాయాలున్నాయి, 107 మర్మస్థానాల వివరణ ఉంది. వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల దశాబ్దాలుగా నడుస్తోంది. ఆయుర్వేదంలో నడుం నొప్పికి చేసే కటి వస్తి చూడముచ్చటైన ప్రక్రియ. రోగిని బోర్లా పడుకోబెట్టి, మినప్పిండిని ముద్దగా కలిపి నడుం మీద గిన్నె అంచులా గుండ్రంగా కట్టి, అందులో గోరువెచ్చటి ఔషధ తైలం పోస్తారు. చల్లారుతున్న కొద్దీ దూదితో తీసి వేడి తైలం నింపుతూ అరగంట దాకా ఉంచుతారు. వేడి, తీరిగ్గా పడుకోవడం, ఒక మనిషి పక్కనుండి పట్టించుకోవడం, వీటి కలయికతో హాయి కలగడంలో వింత లేదు. వేడి కాపడం కొత్త నడుం నొప్పికి మేలు చేస్తుందని 2017లో అమెరికా ఫిజిషియన్ల కళాశాల కూడా తన సూచనల్లో రాసింది. ఎదురుకాళ్ళవాళ్ళ తన్ను విషయానికొస్తే, నవ్వి ఊరుకోకుండా ఆలోచిస్తే అది పామర్ కథకు ముందరి మన సొంత కథ. ఎలా పుట్టారన్న దానితో పాదానికి మహిమ రాదు. నమ్మకం, ఆకస్మిక తాకిడి, కాలం ఈ మూడూ కలిసి కొందరికి నెమ్మది కలిగిస్తాయి. మరికొందరికి, ముఖ్యంగా ముట్లుడిగి ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళకు, ఆ తన్నే పూస విరగ్గొట్టగలదు.

తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టును ఉదాహరణగా చూపించి ‘మా నాటు చేతిని తక్కువ చేయకండి’ అనేవాళ్ళుంటారు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి రాచపాళెంలో ఒకే కుటుంబం తరాలుగా నడుపుతున్న వైద్యమది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ, వీటితో వేసే కట్టు కోసం దక్షిణాది రాష్ట్రాల నుంచి జనం వెళ్తారు. విరిగిన ఎముకను కదలకుండా ఉంచితే అతుక్కునే గుణం ఎముకకే ఉంది కాబట్టి, నేర్పున్న చెయ్యి చక్కగా నిలిపితే చాలా విరుగుళ్ళు అతుకుతాయి. అందులో అనుమానం లేదు. కానీ పేరున్న చోటు చూసి పేరులేని చోట కట్టించుకోవడంలో ప్రమాదముంది. మితిమీరి బిగించిన కట్టు కింద రక్తం ఆడక వేళ్ళు నల్లబడి, చివరికి చెయ్యి తీసేయాల్సి వచ్చిన పిల్లల ఉదంతాలు మన ఎముకల డాక్టర్లకు కొత్త కాదు. పైగా అతికించడం ఒక విద్య, వెన్ను తిప్పడం పూర్తిగా వేరే విద్య. ఒకదానిలోని పేరు రెండోదానికి హామీ కాలేదు.

మెడ దగ్గర నా ధోరణి మారుతుంది. నడుం విషయంలో ‘కావాలంటే చేయించుకోండి’ అనగలను, మెడను ఒక్కసారిగా తిప్పే పద్ధతి విషయంలో అలా అనలేను. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు నాళాలు మెడ పూసల పక్కనుండే చిన్న రంధ్రాల గుండా పైకి పాకి, మొదటి పూస మీద మెలిక తిరిగి పుర్రెలోకి వెళ్తాయి. తల గిర్రున తిరిగితే ఆ మెలిక దగ్గర నాళం సాగుతుంది. అరుదుగా లోపలి పొర చీలి, గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం తెస్తుంది. 2022లో హైదరాబాద్ న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ ఒక 50 ఏళ్ళ మహిళ సంగతి సామాజిక మాధ్యమంలో వివరించారు. బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడుగుతుండగానే ఆమెకు కళ్ళు తిరిగి వాంతులయ్యాయి. పరీక్షిస్తే చిన్నమెదడులో కొంత భాగానికి రక్తం అందలేదని తేలింది. 2024లో బళ్ళారిలో ఒక 30 ఏళ్ళ యువకుడికి క్షౌరం తర్వాత తల మర్దన చేస్తూ మెడ తిప్పితే, కొన్ని గంటల్లో మాట తడబడి ఎడమ పక్క బలహీనపడింది. మెడలోని రక్తనాళం చీలినట్టు డాక్టర్లు గుర్తించారు. సెలూన్లో మెడ విరిచే అలవాటు మన దగ్గర ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. డబ్బులు కూడా అడగరు, కటింగ్‌తో పాటు కొసరు.

‘లక్షల్లో ఒకరికి జరిగేదాన్ని పట్టుకుని భయపెడుతున్నారు’ అని కైరోప్రాక్టర్లు అంటారు. వాళ్ళ చేతిలో గట్టి ఆధారమే ఉంది. కెనడాలోని ఒంటారియోలో 2008లో చేసిన పెద్ద అధ్యయనంలో, ఇలాంటి పక్షవాతం వచ్చినవాళ్ళు అంతకుముందు కైరోప్రాక్టర్ దగ్గరికి ఎంతగా వెళ్ళారో మామూలు డాక్టర్ దగ్గరికీ అంతే వెళ్ళారని తేలింది. అంటే నాళం ముందే చీలడం వల్ల మెడ నొప్పి మొదలై, దానికోసమే వాళ్ళు చికిత్సకు వెళ్ళి ఉండొచ్చు. ఈ వాదనను ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక కూడా ఆచరణలో తేలేది ఒకటే: ముందే చీలిన నాళం ఉన్న మెడను గిర్రున తిప్పడం మంచిది కాదు, అలా చీలిందో లేదో పైకి చూసి చెప్పడం సెలూన్ కుర్రాడి వల్ల కాదు. 2014లో అమెరికా గుండె సంఘం కూడా కారణకార్య సంబంధం రుజువు కాలేదంటూనే, మెడ సర్దుబాటుకు ముందు ఈ ముప్పు గురించి రోగికి చెప్పి తీరాలంది. మెడ నొప్పికి నెమ్మదైన కదలికలు, వ్యాయామం ఉండగా, కొద్దిపాటి ఉపశమనం కోసం అంత అరుదైన, అంత ఘోరమైన ముప్పును నెత్తిన వేసుకోవడం నాకు లాభసాటి బేరంగా కనిపించదు.

చదువు, చట్టం ఈ రెండింటి మాట ఇక చెప్పాలి. కైరోప్రాక్టర్‌కు కనీసం 4,200 గంటల శిక్షణ ఉండాలని, అందులో వెయ్యి గంటలు పెద్దల పర్యవేక్షణలో రోగులను చూసి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో సూచించింది. మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు విడిగా చట్టబద్ధమైన మండలి లేదు. ఆయుష్ పద్ధతుల్లోనూ అది లేదు. కాబట్టి విదేశంలో ఏళ్ళ తరబడి చదివొచ్చినవాడూ, వారాంతపు వర్క్‌షాపులో సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడూ ఒకే రకం బోర్డు పెట్టుకోగలరు. ఫిజియోథెరపీ పరిస్థితి వేరు. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కిందే రాష్ట్రంలోని ఫిజియోథెరపీ కళాశాలలున్నాయి. నాలుగేళ్ళకు పైబడిన డిగ్రీ అది. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వాళ్ళను తన పరిధిలోకి తెచ్చింది. చాలామందికి తెలియని సంగతేమంటే చేత్తో కీళ్ళను కదిపే విద్య ఫిజియోథెరపిస్టులకూ ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మైట్‌లాండ్ పద్ధతిలో ఆ కదలికలకు మెట్లున్నాయి. మొదట చిన్నగా, నెమ్మదిగా ఊపడంతో మొదలుపెట్టి, రోగి ఒళ్ళు ఒప్పుకున్న కొద్దీ పెంచుతారు. ఆ వేగపు నెట్టు ఆఖరి మెట్టు, చాలామందికి అంతదాకా పోవాల్సిన పనే ఉండదు. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శక సంస్థ నైస్ 2016లో ఇంకో షరతు పెట్టింది: చేతి చికిత్స ఒంటరిగా వద్దు, వ్యాయామంతో కలిపి అయితేనే. చేతి చికిత్సతో దొరికిన ఆ కొన్ని వారాల ఉపశమనంలో కండరాలను కదలికకు అలవాటు చేయకపోతే మళ్ళీ మొదటికే వస్తాం.

హమాలీకి ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి, పది రోజులు ఫిజియోథెరపీకి తిరిగితే పది రోజుల కూలీ పోతుందిగా అనేది నా వాదనకు తగిలే గట్టి దెబ్బ. దీనికి పూర్తి జవాబు చికిత్సలో లేదు, పనిలో ఉంది. మగవాడు మోసే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. బస్తా బరువు తగ్గించడం, తోపుడు బండ్లు, ఎత్తు సరిపోయే అరుగులు ఎంత సర్దుబాటు చేసినా రాని మేలు చేస్తాయి. అది మార్కెట్ కమిటీ తేల్చాల్సిన విషయం, చికిత్సకుడిది కాదు. ఇక రోగి చేతిలో ఉన్న చవక మందు నడక. 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా ప్రయోగంలో నడుం నొప్పి తగ్గిన 701 మందిని రెండు జట్లు చేశారు. ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా పెంచుకుంటూ నడిచిన జట్టులో నొప్పి మళ్ళీ తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, ఏమీ చేయనివాళ్ళలో 112 రోజులే.

కాబట్టి చేయించుకోదలచినవాళ్ళు చికిత్సకుడిని అతని చేతి చప్పుడుతో కొలవకూడదు, అతను అడిగే ప్రశ్నలతో కొలవాలి. ముట్టుకునే ముందు జ్వరం, బరువు తగ్గడం, పాత క్యాన్సర్, స్టెరాయిడ్లు, రక్తం పలచబడే మందులు వీటి గురించి అడిగాడా? కాళ్ళ బలం, స్పర్శ చూశాడా? ఎన్ని విడతల్లో మార్పు రాకపోతే ఆపేస్తానన్నాడా, లేక ముందే పాతిక సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టమన్నాడా? ఇంటికి వ్యాయామం ఇచ్చాడా? మెడ జోలికి పోవద్దంటే గౌరవించాడా? మన దగ్గర ఈ ప్రశ్నలకు ఇంకో బరువైన కారణం ఉంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ వెన్నుపూసకూ వస్తుంది, అచ్చం మామూలు నడుం నొప్పిలాగే మొదలవుతుంది. పురుగు తొలిచిన కర్రలా డొల్లబారిన ఆ పూస మీద బలంగా నెడితే కాళ్ళు చచ్చుబడిపోవచ్చు. రాత్రిళ్ళు పడుకున్నా తగ్గని నొప్పి, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కింద పడ్డాక మొదలైన నొప్పి ఉంటే ముందు డాక్టర్‌కు చూపించాలి. తొడల లోపలి భాగంలో, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కి, మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, కాళ్ళలో బలం జారిపోతున్నా నూనె మర్దన వద్దు, తన్నించుకోవడం వద్దు, ఏ సర్దుబాటూ వద్దు. తెల్లారేదాకా ఆగకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి.